చేతి లెక్కతో పెద్ద సంఖ్యలు – 4వ భాగం: 4,29,49,67,297ని పట్టుకోవడం

పోయిన భాగంలో అంకెలతో కూడికలు, తీసివేతలు చేసి 3, 9, 11తో భాగం పోతుందో లేదో చెప్పడం నేర్చుకున్నాం కదా, ఈసారి ఆ కిటుకులేవీ పనిచెయ్యని సంఖ్య తీసుకుందాం. నాలుగొందల ఇరవై తొమ్మిది కోట్ల చిల్లర, 2 పవర్ 32కి ఒకటి కలిపితే వచ్చేది.

2ని స్క్వేర్ చేస్తూ పోయి (2, 4, 16, 256...) ప్రతిదానికీ ఒకటి కలిపితే ఒక వరుస వస్తుంది, అందులో దీనికి ముందు 3, 5, 17, 257, 65537 ఉన్నాయి, అయిదూ ప్రైమ్ నంబర్లే. అందుకే 1640 ప్రాంతంలో ఫ్రెంచ్ గణితవేత్త ఫెర్మా ఈ వరుసలో వచ్చేవన్నీ ప్రైమే అని గట్టిగా నమ్మాడు. 1732లో స్విస్ గణితవేత్త ఆయిలర్ వచ్చి మన సంఖ్య 641తో భాగం పోతుంది అని తేల్చేశాడు.

మనం ఆ పది అంకెల సంఖ్యని అసలు ముట్టుకోకుండానే ఇది తేలుద్దాం. 2ని స్క్వేర్ చేస్తే 4, మళ్ళీ చేస్తే 16, తర్వాత 256, తర్వాత 65536, ఇక్కడికి 2 పవర్ 16 అయింది, ఇంకొక్క స్క్వేర్ చేస్తే 32కి చేరతాం. కానీ ఇక్కడ ఆగండి. 65536లోంచి 641లు తీసెయ్యండి: వంద 641లు 64100, మిగిలింది 1436, ఇంకో రెండు తీస్తే 154. ఇక 65536ని మర్చిపోయి ఈ 154నే స్క్వేర్ చెయ్యొచ్చు. ఎందుకంటే 65536 అంటే 641×102 + 154, దీన్ని స్క్వేర్ చేస్తే వచ్చే ముక్కల్లో 154 స్క్వేర్ తప్ప మిగతా అన్నిట్లో 641 ఉంటుంది, వాటి వల్ల శేషం మారదు. ఈ ఒక్క మాట బుర్రకెక్కితే ఈ పాఠం వచ్చేసినట్టే, అందుకని ఇంకోసారి చదవండి.

154 స్క్వేర్ 23716. ఇప్పుడు 641×37 వేసి చూడండి, 23717. సరిగ్గా ఒక్కటి తక్కువైంది, మన సంఖ్యలో కలపాల్సిన ఆ ఒకటి ఇదే! కలిపితే శేషం సున్నా. నేను మొదటిసారి కాగితం మీద చేసినప్పుడు ఇక్కడ చాలాసేపు ఆగిపోయాను, అంత బాగుంటుంది. భాగిస్తే వచ్చేది 67,00,417, అదీ ప్రైమే.

మరి 641ని ఎలా పట్టుకోవాలి? ఈ సంఖ్యని భాగించే ప్రైమ్ ఏదైనా సరే 64 గుణిజానికి ఒకటి కలిపినదే అయ్యుండాలి అని ఆయిలర్ తర్వాత రుజువు చేశాడు, అలాంటి ప్రైమ్‌లు 193, 257, 449, 577, ఆ తర్వాత 641. అయిదోదానికే దొరుకుతుంది. ఆ 64 ఎందుకో వచ్చే భాగంలో చూద్దాం.

ఈలోపు ఒక లెక్క చెయ్యండి. 2 పవర్ 23లోంచి ఒకటి తీసేస్తే 83,88,607, ఇది 47తో భాగం పోతుందని ఫెర్మా తనే కనిపెట్టాడు. 23 అంటే 16+4+2+1, కాబట్టి ఆ నాలుగు పవర్ల శేషాలు విడివిడిగా తీసి గుణించండి, ప్రతి గుణకారం తర్వాత 47లు తీసెయ్యడం మాత్రం మర్చిపోవద్దు, చివరికి 1 రావాలి.