ఇంట్లో ఎస్‌డీబీ, అమీర్‌పేటలో ఎస్‌డీఏ: పెన్‌డ్రైవ్ లినక్స్ బూట్ కాకపోతే

సమస్య

దిల్‌సుఖ్‌నగర్‌లో మా ఇంటి డెస్క్‌టాప్‌కి పెడితే చక్కగా లేచే పెన్‌డ్రైవ్ డెబియన్ లినక్స్, అమీర్‌పేటలో కోచింగ్ ల్యాబ్ సిస్టమ్‌కి పెట్టగానే మొరాయించింది. గ్రబ్ (లినక్స్‌ని లోడ్ చేసే బూట్ ప్రోగ్రామ్) మెనూ వచ్చింది, కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) లోడయింది, ఆపైన "ఎస్‌డీబీ2 లేదు" అంటూ ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (అసలు సిస్టమ్‌కి ముందు లోడయ్యే చిన్న తాత్కాలిక సిస్టమ్) ప్రాంప్ట్ దగ్గర ఆగిపోయింది. కొందరికి ఇదే జబ్బు ఇంకోలా కనిపిస్తుంది: 90 సెకన్లు ఎదురుచూసి ఎమర్జెన్సీ మోడ్‌లో పడుతుంది. అలా పడితే అనుమానించాల్సింది ఎఫ్ఎస్‌ట్యాబ్‌ని, అంటే బూట్‌లో ఏ పార్టిషన్‌ని ఎక్కడ తగిలించాలో రాసే ఫైలుని.

కారణం

ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అనేవి ఆసుపత్రి ఓపీలో ఇచ్చే టోకెన్లలాంటివి. కెర్నెల్‌కి ఏ డిస్కు ముందు కనిపిస్తే దానికి ఏ, తర్వాతదానికి బీ. చివర 2 అంటే ఆ డిస్కులో రెండో పార్టిషన్ (భాగం). మా ఇంట్లో సాటా హార్డ్‌డిస్క్ ముందుంటుంది, పెన్‌డ్రైవ్‌కి బీ దక్కేది. ల్యాబ్‌లో ఉన్నది ఎన్‌వీఎంఈ (ఒకరకం ఎస్‌ఎస్‌డీ). దాని పేర్ల వరుసే వేరు కాబట్టి పెన్‌డ్రైవ్ ఏ అయి కూర్చుంది. ఇన్‌స్టాలర్ అయితే తనే యూయూఐడీ (ఫైల్‌సిస్టమ్‌కి ఉండే ప్రత్యేక గుర్తింపు) రాసిపెట్టేది. చేత్తో కాన్ఫిగ్ రాసుకునే సరదా నాదే.

పరిష్కారం

ముందు ఆ పూటకి గట్టెక్కాలి. గ్రబ్ మెనూలో 'ఈ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే లైనులో ఎస్‌డీబీ2ని ఎస్‌డీఏ2గా మార్చి కంట్రోల్-ఎక్స్ కొట్టండి. ఇది ఆ ఒక్క బూట్‌కే.

లోపలికి వెళ్లాక సుడోతో (అడ్మిన్ హక్కులతో) బీఎల్‌కేఐడీ నడపండి, యూయూఐడీలు చూపే కమాండ్ అది. యూయూఐడీ ఫైల్‌సిస్టమ్‌లోనే రాసి ఉంటుంది, ఏ సిస్టమ్‌కి పెట్టినా మారదు. ఈఎక్స్‌టీ4కి హైఫన్లతో కలిపి 36 అక్షరాలు, ఫ్యాట్32 ఈఎఫ్ఐ పార్టిషన్‌కి (బూట్ ఫైళ్లు ఉండేది) మధ్యలో హైఫన్‌తో కలిపి తొమ్మిదే. చిన్నగా ఉందని తప్పనుకోకండి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో, గ్రబ్ రూట్ లైనులో పాత పేర్లన్నీ తీసి ఇవి పెట్టండి. స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడే డిస్కు భాగం) లైను మాత్రం చాలామంది మర్చిపోతారు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ లేకుండా బూట్ చేసేవాళ్లు పార్ట్‌యూయూఐడీ (పార్టిషన్ టేబుల్‌లో ఉండే గుర్తింపు) రాయాలి, ఎందుకంటే ఫైల్‌సిస్టమ్ యూయూఐడీ కెర్నెల్‌కి నేరుగా అర్థం కాదు.

ఇదంతా చేసినా ల్యాబ్‌లో లేవకపోతే ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ సెట్టింగ్‌లో మాడ్యూల్స్ 'డెప్' అని ఉందేమో చూడండి. అలా ఉంటే ఇంటి సిస్టమ్ డ్రైవర్లే అందులో ఉంటాయి. దాన్ని 'మోస్ట్' (చాలావరకు డ్రైవర్లన్నీ) చేసి, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్‌ని మళ్లీ తయారుచేయండి.

గ్రబ్‌ని మళ్లీ ఎక్కించాల్సి వస్తే మాత్రం ఎల్ఎస్‌బీఎల్‌కే (డిస్కుల జాబితా చూపే కమాండ్)లో సైజు చూసి మీ పెన్‌డ్రైవ్ ఏదో తేల్చుకోకుండా ఎంటర్ కొట్టొద్దు. పొరపాటైతే చెడేది ల్యాబ్ వాళ్ల డిస్కు.