చవితి లైట్లకు త్రీపిన్ టాపులు బిగించే పని, నా పద్ధతిలో

మా ఆయనది తెనాలిలో లైటింగ్ పని. వినాయక చవితికి నెల ముందునుంచే మా వరండా నిండా తీగల చుట్టలు ఉంటాయి. పందిళ్ల దగ్గర కొలతలు, సీరియల్ సెట్లు ఆయన చూసుకుంటారు. ఎక్స్‌టెన్షన్ తీగలకు త్రీపిన్ టాపులు, అంటే ప్లగ్గులు, బిగించే పని నాది. మొదట్లో ఒక్కోదానికి పావుగంట పట్టేది. ఇప్పుడు గంటకు పన్నెండు దాకా అవుతాయి. పని వరస మార్చుకున్నాకే ఆ తేడా వచ్చింది.

ఒక్కో టాపు మొదలుపెట్టి ముగించే అలవాటు మానేశాను. ముందు అన్ని తీగలకీ పైతొడుగు ఒలుస్తాను. తర్వాత అన్నిటి లోపలి తీగలూ కొలత ప్రకారం కోస్తాను. ఆ తర్వాతే స్క్రూడ్రైవర్ పడతాను. విప్పిన స్క్రూలు పాత ఇడ్లీ ప్లేటు గుంటల్లో వేసుకుంటాను, ఒక్కో టాపువి ఒక్కో గుంటలో. మూత చిల్లులోంచి తీగ దూర్చే రకం టాపులైతే, మూతలన్నీ ముందే తీగలకు ఎక్కించేస్తాను. మూడు స్క్రూలూ బిగించాక మూత గుర్తొస్తే మళ్లీ అంతా విప్పాల్సిందే.

అన్నిటికన్నా ఎక్కువ కలిసొచ్చింది ఒక చెక్క ముక్క. దానికి ఒక విడి సాకెట్ బిగించి పెట్టుకున్నాను. దానికి ఏ తీగా ఉండదు, కరెంటుతో సంబంధమే లేదు. టాపు పిన్నులు అందులో గుచ్చితే గట్టిగా నిలబడుతుంది, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. లావు పిన్ను, అంటే లీకైన కరెంటును నేలలోకి పంపే ఎర్త్, పైకి ఉండేలా పెడితే కుడిచేతి పక్క ఫేజు (కరెంటు తెచ్చేది), ఎడమ పక్క న్యూట్రల్ (తిరిగి వెళ్లేది). అయినా టాపు లోపల ఎల్ (ఫేజు), ఎన్ (న్యూట్రల్), ఇ (ఎర్త్) అక్షరాలు చూసుకునే బిగించండి. పాత తీగల్లో ఎరుపు ఫేజు, నలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్త్. కొత్తవాటిలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, పసుపు చార ఉన్న ఆకుపచ్చ ఎర్త్.

కొలతల దగ్గర తొందరపడొద్దు. తీగ కింద నుంచి వస్తుంది, ఎర్త్ పిన్ను పైన ఉంటుంది. అందుకని ఆకుపచ్చ తీగ మిగతా రెండిటికన్నా పొడుగుండాలి. ఇంకో కారణం కూడా ఉంది. ఎవరైనా తీగ లాగితే ఫేజు ముందు ఊడాలి, ఎర్త్ ఆఖర్న ఊడాలి. మీరు కొన్న టాపును ఒకసారి తెరిచి, సరిపోయే కొలతలు ఒక అట్టముక్క మీద గీసుకోండి. మిగతావన్నీ ఆ అట్ట మీద పెట్టి కోసేయడమే.

రాగి పోగులు తెగకుండా ఒలవాలి. మేం వాడే 1 చదరపు మిల్లీమీటరు తీగలో 32 సన్నటి పోగులుంటాయి. బ్లేడు గట్టిగా నొక్కితే నాలుగైదు పోతాయి, మిగిలినవి వేడెక్కుతాయి. ఒలిచాక పోగుల్ని మెలిపెట్టి, మడిచి, స్క్రూ కిందికి పంపండి. చిన్న గొట్టంలా ఉండే రాగి లగ్గు తొడిగి నొక్కితే ఇంకా మంచిది, పోగు ఒక్కటి కూడా బయటికి రాదు. కొసకు టంకం పెట్టి మాత్రం బిగించొద్దు. టంకం మెత్తటిది, స్క్రూ ఒత్తిడికి రోజులు గడిచేకొద్దీ నలిగి వదులైపోతుంది.

తీగను పట్టి ఉంచే క్లిప్పు గురించి కాస్త ఎక్కువే చెప్తాను. ఒక ఏడాది హడావిడిలో ఒక టాపుకు దాన్ని బిగించకుండా మూసేశాను. రెండో రోజు రాత్రి పందిట్లో పిల్లలు తీగ తట్టుకుంటే ఫేజు ఊడి లోపల వేలాడింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పట్నుంచి మూత వేసే ముందు ప్రతి తీగనూ పట్టి గట్టిగా లాగి చూస్తాను. క్లిప్పు పైతొడుగు మీద పడాలి, లోపలి రంగు తీగల మీద కాదు. తీగ మరీ సన్నగా ఉండి క్లిప్పు పట్టకపోతే, సైకిల్ వాల్వు ట్యూబు ముక్క తొడిగితే లావొస్తుంది.

అన్నీ అయ్యాక, కరెంటు పెట్టకముందే మల్టీమీటరుతో చూడాలి. ఎర్త్ పిన్నుకు, ఆకుపచ్చ తీగ అవతలి కొసకు మధ్య బీప్ రావాలి. ఫేజు, న్యూట్రల్ కూడా అలాగే, దేని కొసకు దానికే. పిన్నుకూ పిన్నుకూ మధ్య మాత్రం రాకూడదు.

చవితి అంటే వానల కాలం. టాపు నేల మీద పడేయకండి, ఎత్తులో కట్టండి. తీగ టాపు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా వదిలితే నీళ్లు ఆ వంపు దగ్గరే కారిపోతాయి. మెయిన్ బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్, లేని పందిరికి మా ఆయన లైట్లు వేయరు.

చివరగా ప్రతి టాపు వీపున తెల్ల పెయింటుతో తీగ పొడవు రాస్తాను, 10 అనో 20 అనో. పందిరి దగ్గర చీకట్లో చుట్టలు విప్పి వెతుక్కునే పని ఉండదు.