ఆగాకర కాయదు, కంద దురద పెడుతుంది: ఏళ్ల తరబడి నిలిచే కూరమొక్కల సమస్యలు - పరిష్కారాలు

ఒకసారి నాటితే ఏళ్లపాటు కూర పెట్టే మొక్కలంటే ఇంటి తోటకు పెద్ద ఆస్తే. ఆగాకర, కంద, దొండ, ఆకుకూరలుగా వండుకునే చాయా, మల్టీ విటమిన్ మొక్కలు ఇప్పుడు మేడ మీద కుండీల్లో కూడా పెరుగుతున్నాయి. అయితే టమాటా, బెండ పెంచిన అలవాటుతో వీటిని చూసి చాలామంది రోగం లేనిచోట మందు కొడుతున్నారు. అందుకే ముందు మొక్క స్వభావం నుంచి మొదలుపెడదాం.

సమస్య: ఆగాకర తీగ నిండా పూలు, ఒక్క కాయ లేదు

ఎక్కువమందిని ఏడిపించేది ఇదే. తెలంగాణలో బోడకాకర అనే ఈ తీగలో ఆడ, మగ మొక్కలు వేరువేరు. కాకర, సొర అలా కాదు, ఒకే తీగకు రెండు రకాల పూలూ వస్తాయి. ఆగాకర ఒక్క తీగే ఉంటే అది ఆడదైనా, మగదైనా కాయ ఆశించలేం.

పువ్వు వెనక వైపు చూడండి. బుడిపెలతో చిన్న పిందె ఉంటే ఆడ తీగ. పిందె లేకుండా, పొడుగు కాడ మీద పువ్వును ముసుగులా పట్టుకున్న చిన్న ఆకు ఉంటే మగ తీగ. పూత రాకముందు ఆకును చూసి తేల్చే మార్గం లేదు.

మగదే ఉంటే ఎరువు మార్చి లాభం లేదు. కాసిన తీగ దుంపను, లేదా వర్షాకాలంలో దాని కొమ్మను తెచ్చి నాటుకోవాలి. దుంప, కొమ్మ ఏ తీగ నుంచి వస్తే ఆ లింగమే వస్తుంది. విత్తనంతో ఆ భరోసా లేదు, పైగా గట్టి పెంకు వల్ల మొలకకే చాలా ఆలస్యం. కాబట్టి కొత్తవారు విత్తనం జోలికి వెళ్లకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఎనిమిది, పది ఆడ తీగలకు ఒక మగ తీగ సరిపోతుంది.

రెండూ ఉన్నా పిందెలు పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంటే పరాగం అందడం లేదన్నమాట. నాటు ఆగాకర పువ్వు సాయంత్రం చీకటి పడే వేళ విచ్చుకుంటుంది, దానికి పరాగం చేరవేసేవి రాత్రి తిరిగే రెక్కల పురుగులు. మేడ మీద, లైట్ల మధ్య వాటి రాకను నమ్ముకోలేం. సాయంత్రం విచ్చుకున్న మగ పువ్వు కోసి, రేకులు తీసేసి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దండి. మార్కెట్లో లావుగా కనిపించే రకం వేరే జాతిది. దాని పూలు పొద్దున్నే విచ్చుకుంటాయి కాబట్టి ఆ పని అప్పుడే చేయాలి. రెండు వారాలకు అటూ ఇటుగా లేత కాయ కోతకు వస్తుంది. పండి నారింజ రంగు వచ్చే దాకా ఉంచితే కూరకు పనికిరాదు.

కాయ మీద సూది పొడిచినట్టు మచ్చ, లోపల పురుగు కనిపిస్తే అది పండు ఈగ పని. అలాంటి కాయల్ని తీగ కింద వదలకండి, లోతుగా పాతిపెట్టండి. పిందెలకు కాగితం సంచి తొడిగితే మందు లేకుండానే దక్కుతాయి.

సమస్య: చలికాలంలో ఆగాకర తీగ మొత్తం ఎండిపోయింది

చచ్చిపోలేదు. తీగ ఎండినా నేలలో దుంప నిద్రపోతుంది. ఈ సమయంలో జాలిపడి రోజూ నీళ్లు పోస్తేనే దుంప కుళ్లుతుంది. తీగ కోసేసి, కుండీని వాన పడని చోటికి జరిపి, వేసవిలో మొలక కనిపించాకో, తొలకరికో మళ్లీ నీళ్లు మొదలుపెట్టండి. ఆ కుండీ మీద పేరు రాసి పెట్టండి, లేకపోతే ఇంట్లో ఎవరో ఒకరు మట్టి పారబోస్తారు.

సమస్య: కంద ఆకు పసుపెక్కి కూలిపోయింది

నాటి ఏడెనిమిది నెలలైతే పంట చేతికొచ్చిందని అర్థం. నీళ్లు ఆపి, కాడ పూర్తిగా ఎండాక తవ్వండి. నాటిన రెండు, మూడు నెలలకే అలా అయితే మాత్రం నీరు నిలిచి దుంప కుళ్లుతోందేమో వేలితో నొక్కి చూడండి.

అసలు మొలకే రాకపోతే ముక్కలో మొలక కన్ను లేకపోయి ఉండొచ్చు. దుంప పైన గుంటలా ఉన్నచోటే ఆ కన్ను ఉంటుంది. ప్రతి ముక్కకు దానిలో కొంత భాగం వచ్చేలా కోసి, పేడనీళ్లలో ముంచి, నీడన ఆరబెట్టి, కన్ను పైకి ఉండేలా నాటాలి. అర కిలో ముక్క మంచిది, చిన్న ముక్కకు చిన్న దుంపే వస్తుంది.

సమస్య: కంద తింటే గొంతు దురద

దుంపలో సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలుంటాయి. అవే చేతికి, గొంతుకు గుచ్చుకుంటాయి. చేతులు తడి లేకుండా తుడిచి, నూనె రాసుకుని, తొక్క మందంగా చెక్కండి. చింతపండు వేసి మెత్తగా ఉడికించాలి. గోదావరి జిల్లాల పెళ్లిళ్ల కంద బచ్చలి కూరలో పులుపు తప్పనిసరిగా ఉండేది రుచి కోసం మాత్రమే కాదు. ఉడికీ ఉడకకముందే రుచి చూడకండి. నాటేటప్పుడే కొవ్వూరు పరిశోధన కేంద్రం ఎంపిక చేసిన గజేంద్ర రకం దొరికితే ఈ టెన్షన్ చాలావరకు ఉండదు. కిడ్నీలో రాళ్లు ఉన్నవారు ఏ కందైనా తగ్గించుకోవాలి.

సమస్య: దొండ ఆకులు బోలెడు, కాయ తక్కువ

దొండ కొత్త కొమ్మలకే బాగా కాస్తుంది. ముదురు తీగను గట్టిగా కత్తిరించి పశువుల ఎరువు వేయండి. కణుపులు ఉబ్బి గడ్డల్లా ఉంటే లోపల పురుగు ఉంది. ఆ ముక్కలు కోసి కాల్చేయండి.

సమస్య: చాయా లేదా మల్టీ విటమిన్ ఆకు తిన్నాక వికారం

పచ్చిగా జ్యూస్ చేశారేమో చూసుకోండి. పచ్చి చాయా ఆకులో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలున్నాయి. అల్యూమినియం గిన్నె వద్దు, స్టీలు గిన్నెలో మూత తీసి కనీసం 20 నిమిషాలు ఉడికించాలి. మల్టీ విటమిన్ ఆకు విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 1990ల మధ్యలో తైవాన్‌లో బరువు తగ్గుతామని రోజూ దాని పచ్చి రసం తాగినవారికి ఊపిరితిత్తులు శాశ్వతంగా దెబ్బతిన్నాయి. పప్పులోనో, వేపుడులోనో అప్పుడప్పుడూ కొద్దిగా వండుకోండి. రసం తాగాక ఆయాసం మొదలైతే ఇంటి చిట్కాలు చూడకుండా వెంటనే డాక్టర్ దగ్గరకు వెళ్లి, ఏ ఆకు ఎన్నాళ్లు తాగారో చెప్పండి.