ఫోన్‌లో చీర కొనేవారికి అనువుగా ఆన్‌లైన్ దుకాణాన్ని తీర్చిదిద్దడం ఎలా?

ధర్మవరంలో పట్టుచీరల అంగడికి వెళ్లినవారు ఒక సంగతి గమనించే ఉంటారు. తెల్లటి పరుపు మీద కూర్చున్న అమ్మకందారు మడత విప్పగానే ముందు కొంగు పరుస్తాడు, తర్వాత అంచును వేళ్ల మీద పట్టి చూపిస్తాడు, ఆపైన బుటాలు, రవిక గుడ్డ చూపించి ధర చెబుతాడు. కొనేవారి కళ్లు ఏ వరుసలో వెతుకుతాయో ఆ వరుసలోనే చీర విచ్చుకుంటుంది. అరచేతిలో ఇమిడే ఫోన్ తెర మీద చీరలు అమ్మదలచినవారు ముందుగా ఈ వరుసను పట్టుకోవాలి. రంగులు, అలంకారాలు, పండుగ బ్యానర్లు అన్నీ ఆ తర్వాతి సంగతులు.

అనంతపురంలో ఒక చీరల వ్యాపారి వెబ్‌సైటు తయారీలో నేను పాలుపంచుకున్నప్పుడు, ప్రతి పేజీనీ పెద్ద కంప్యూటర్ తెర మీదే చూసి, అంతా బాగుందని ఒప్పుకున్నాం. కొన్నాళ్లకు కడపలో మా చిన్నమ్మ అదే సైటును తన ఫోన్‌లో తెరిచింది. మొదట పండుగ తగ్గింపుల బ్యానర్ తెరనంతా కమ్మేసింది. దాన్ని మూసేలోగా నోటిఫికేషన్లకు అనుమతి అడిగే పెట్టె వచ్చింది. అదీ దాటాక కొంగు బొమ్మ సగం కనిపించింది. ఆమె బొటనవేలితో పైకి తోస్తూ, తోస్తూ, "ఏమ్‌రా, దీంట్లో ధర యాడుంది?" అని అడిగి ఫోన్ పక్కన పెట్టేసింది. ధర మూడు తెరల కిందుంది. ఆ రోజు నుంచి ఏ పేజీనైనా ముందు ఫోన్ కొలతకే గీసి, కంప్యూటర్ తెరకు తర్వాత విస్తరించడం అలవాటు చేసుకున్నాను.

ముందు ఫోటోల సంగతి చూద్దాం, ఎందుకంటే చీరల అంగట్లో అసలు సరుకు అవే. ఫోటోగ్రాఫరు ఇచ్చిన నాలుగు వేల పిక్సెల్స్ వెడల్పు బొమ్మను ఉన్నదున్నట్టుగా ఎక్కిస్తే ఒక్కో బొమ్మ ఐదారు ఎంబీల బరువుంటుంది. మామూలు ఆండ్రాయిడ్ ఫోన్ తెర వెడల్పు 720 లేదా 1080 పిక్సెల్స్ మాత్రమే కాబట్టి ఆ బరువులో ఎక్కువ భాగం కొనేవారి డేటాను వృథాగా తినేస్తుంది. ప్రతి ఫోటోనూ తక్కువ బరువుండే వెబ్‌పీ రకంలోకి మార్చి, మూడు నాలుగు వెడల్పుల్లో దాచి, ఎస్‌ఆర్‌సీసెట్ అనే సదుపాయంతో ఏ ఫోన్‌కు తగిన బొమ్మ దానికి వెళ్లేలా చేయాలి. పెద్ద బొమ్మను మాత్రం కొనేవారు జరీని దగ్గరగా చూడాలని రెండు వేళ్లతో సాగదీసినప్పుడే తెప్పించాలి. పేజీ కింది భాగంలోని బొమ్మలు అక్కడికి చేరాకే లోడ్ అయ్యేలా లేజీ లోడింగ్ పెట్టవచ్చు గాని, మొదటి కొంగు బొమ్మకు దాన్ని ఎన్నడూ పెట్టకూడదు, పెడితే ముందు కనబడవలసినదే ఆలస్యమవుతుంది. ప్రతి బొమ్మకూ వెడల్పు, ఎత్తు ముందే రాసిపెడితే, బొమ్మ వచ్చేసరికి కింది బటన్ జరిగిపోయి వేలు వేరొకదాని మీద పడే ఇబ్బంది తప్పుతుంది.

గూగుల్ వీటికి కోర్ వెబ్ వైటల్స్ పేరుతో కొలతలు పెట్టింది: పేజీలోని ముఖ్యమైన పెద్ద భాగం 2.5 సెకన్లలోగా కనిపించాలి, వేలు తాకిన తర్వాత తెర 200 మిల్లీసెకన్లలోగా స్పందించాలి, పేజీ కుదుపు విలువ, అంటే లోడయ్యేటప్పుడు భాగాలు ఎంత జరిగాయన్న లెక్క, 0.1 దాటకూడదు. గూగుల్ వారి పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే సైటులో మీ పేజీ చిరునామా ఇస్తే ఈ లెక్కలను ఉచితంగా చూడవచ్చు.

బరువు తగ్గించినంత మాత్రాన ఫోటో పని పూర్తికాదు. ధర్మవరం చీరల్లో పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) మరొక రంగు ఉండి, మడత కదిలినప్పుడల్లా చీర రంగు మారినట్టు కనిపించే నేత ఉంది. ఒక్క నిలకడ ఫోటోలో ఆ అందం చచ్చిపోతుంది. పైగా చీర చేతికందాక "ఫోన్‌లో చూసిన రంగు ఇది కాదు" అనే మాట ఎక్కువగా ఇటువంటి చీరలకే వస్తుంది. అందువల్ల కిటికీ వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, కొంగును మెల్లగా అటూ ఇటూ కదిలిస్తూ తీసిన పది సెకన్ల వీడియోను, తాకితేనే మొదలయ్యేలా, ధ్వని లేకుండా పెట్టాలి. రంగును మాటల్లోనూ రాయాలి. "పర్పుల్" అని రాసేకంటే "వంకాయ రంగు పడుగు, చిలకపచ్చ పేక" అని రాస్తే కొనేవారికి చీర కళ్లకు కడుతుంది. అంచు పక్కన వేలు ఉంచి తీసిన ఒక ఫోటో, చీర వెనుకవైపు నేత కనిపించే మరొక ఫోటో తప్పక ఉండాలి.

మొదటి తెరలో కొంగు బొమ్మ కింద చీర పేరు, ధర, నిడివి కనిపించాలి. "ఐదున్నర మీటర్లు, రవిక గుడ్డ 80 సెంటీమీటర్లు అదనం" అనే ఒక్క వాక్యం ఎన్నో ఫోన్ కాల్స్‌ను తప్పిస్తుంది. కొనే బటన్ తెర అడుగున, బొటనవేలికి అందే చోట, పేజీ ఎంత జరిపినా కదలకుండా ఉండాలి. ఆండ్రాయిడ్ మార్గదర్శకాలు తాకే భాగానికి చెప్పే 48 డీపీ కొలత, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు, పాటించి బటన్ల మధ్య ఖాళీ వదలాలి. తెలుగు అక్షరాలకు పైన గుడులు, కింద వత్తులు ఉంటాయి కాబట్టి, ఇంగ్లీషుకు సరిపోయిన వరుసల దూరం తెలుగుకు చాలదు. అక్షరం పరిమాణం 16 పిక్సెల్స్‌కు తగ్గకుండా, వరుసల మధ్య దూరం దానికి ఒకటిన్నర రెట్లకు పైగా ఉంచడం మంచిది. కుంకుమ రంగు మీద బంగారు అక్షరాలు శుభలేఖకు అందమే గాని, ఎండలో నిలబడి ఫోన్ చూసేవారికి చదవడం కష్టం. అక్షరానికీ నేపథ్యానికీ మధ్య వెలుగు తేడా (కాంట్రాస్ట్) కనీసం 4.5:1 ఉండాలి.

కొనాలని నిశ్చయించుకున్నవారు కూడా చిరునామా నింపే చోట వెనక్కు తగ్గుతారు, కాబట్టి ఇక్కడ మరింత శ్రద్ధ అవసరం. ఖాతా తెరవమని బలవంతం చేయకుండా ఫోన్ నంబరుతోనే ఆర్డరు తీసుకోవాలి. నంబరు, పిన్‌కోడ్ గడులను తాకగానే అంకెల కీబోర్డు రావాలి. గడిలోని అక్షరాలు 16 పిక్సెల్స్ కంటే చిన్నవైతే ఐఫోన్‌లో పేజీ దానంతటదే పెద్దదై తెర పక్కకు జరిగిపోతుంది. పిన్‌కోడ్‌ను ముందే అడిగితే ఊరు, జిల్లా వాటంతటవే నిండుతాయి. అయితే 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి: ధర్మవరం శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది, నంద్యాల వేరే జిల్లా అయింది. పాత పట్టికతో పనిచేసే సైటు ధర్మవరానికి ఇంకా అనంతపురం జిల్లా అనే చూపిస్తుంది, కాబట్టి ఆ గడిని కొనేవారు మార్చుకునే వీలుండాలి. "ఆంజనేయస్వామి గుడి ఎదురు సందు" అని రాసుకునే గుర్తు గడి కూడా అవసరమే. మన ఊళ్లలో చీర ఇంటికి చేరేది ఆ ఆనవాలుతోనే.

చెల్లింపు పేజీలో క్యూఆర్ కోడ్ ఒక్కటే పెట్టి ఊరుకోవడం నేను తరచుగా చూసే పొరపాటు. చేతిలో ఉన్న ఫోన్ తన తెర మీది కోడ్‌ను తన కెమెరాతో తానే స్కాన్ చేయలేదు. బటన్ తాకగానే అదే ఫోన్‌లోని యూపీఐ యాప్ తెరుచుకుని, మొత్తం ముందే నిండి ఉండాలి. తిరిగి వచ్చాక బ్యాంకు జవాబు ఆలస్యమైతే "విఫలమైంది" అని తొందరపడి చూపించకుండా, "పరిశీలిస్తున్నాం, మళ్లీ చెల్లించవద్దు" అని చెప్పాలి. లేకుంటే భయపడిన మనిషి రెండుసార్లు డబ్బు పంపుతాడు.

డెలివరీ ఖర్చుతో సహా మొత్తం ధరను మొదటే చూపడం మర్యాద మాత్రమే కాదు. డార్క్ ప్యాటర్న్స్ మీద, అంటే కొనేవారిని మభ్యపెట్టే ఎత్తుగడల మీద, 2023 నవంబరులో కేంద్రం విడుదల చేసిన మార్గదర్శకాల ప్రకారం ధరను చివరి మెట్టులో పెంచడం, అడగని వస్తువును కార్ట్‌లో చేర్చడం నిషిద్ధం. వాపసు నియమాలు, ఫిర్యాదులు చూసే అధికారి పేరు, ఫోన్ నంబరు కనిపించేలా ఉంచాలని 2020 నాటి ఈ-కామర్స్ నియమాలు చెబుతున్నాయి.

ఇదంతా చేశాక చవకైన పాత ఫోన్ ఒకటి తీసుకుని, వైఫై ఆపి, బస్టాండులో మిట్టమధ్యాహ్నం మీ సైటులో ఒక చీర కొనండి. తర్వాత ఆ సైటును ఎన్నడూ చూడని మనిషికి అదే ఫోన్ ఇచ్చి, పక్కన కూర్చుని, ఒక్క మాటా సాయం చెప్పకుండా, బొటనవేలు ఎక్కడ ఆగుతుందో రాసుకోండి. మార్పుల తర్వాత మా చిన్నమ్మకు ధర వెంటనే దొరికింది. ఆమె ఈసారి ఆగింది ఓటీపీ దగ్గర: మెసేజ్ చూడడానికి బయటికి వెళ్లి తిరిగి వచ్చేసరికి, నింపిన చిరునామా అంతా చెరిగిపోయి ఉంది. ఇప్పుడు దాన్ని సరిచేస్తున్నాం.