పాత కేటలాగులు, పాకెట్ పుస్తకాలు: ఎక్కడ వెతకాలి, ఏ ఏటివో ఎలా తేల్చాలి, ఎలా దాచాలి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పాత కాగితం చాలావరకు భోగికి ముందే ఇల్లు దాటుతుంది. అటకలు దులిపి కొంత మంటకు పక్కన పెడతారు, మిగతాది కిలోల లెక్కన కాటాకు వేస్తారు. కాబట్టి ధనుర్మాసం మొదలైనప్పటి నుంచి సంక్రాంతి దాకా పాత కాగితాల కొట్లకు తరచుగా వెళ్లాలి. కట్టలు విప్పకముందే చూడటం ముఖ్యం. విప్పారంటే పుస్తకాలు ఒకవైపు, విడి కాగితాలు ఒకవైపు పడతాయి. కంపెనీలు తమ సరుకుల వివరాలతో అచ్చువేసి పంపిన కేటలాగు మధ్యలో పెట్టిన ధరల పట్టీ, ఆర్డరు ఫారం, అది పోస్టులో వచ్చిన కవరు అక్కడే విడిపోతాయి. చాలా కేటలాగుల మీద సంవత్సరం వేయరు. ధరలు మారుతుంటాయి కనుక పట్టీ విడిగా అచ్చువేసి దానిమీద తేదీ వేసేవాళ్లు. అందుకని కట్టలో ఒక్క కేటలాగు కనిపించినా కట్ట మొత్తం తీసుకోండి.

కొట్టుదాకా రాకముందే పట్టుకోగలిగితే ఇంకా మంచిది. నెల్లూరు స్టోన్‌హౌస్‌పేట, పెద్దబజారుల్లో రెండు మూడు తరాలుగా నడుస్తున్న దుకాణాలు, గూడూరు వైపు అభ్రకం వ్యాపారం చేసిన ఇళ్లు, మార్కాపురం పలకల వ్యాపారులు, ఒంగోలు, కందుకూరు ప్రాంతపు పొగాకు వ్యాపారులు, ఆయిల్ ఇంజన్లు, పంపుసెట్లు అమ్మిన పాత డీలర్లు, వీళ్లందరి దగ్గరా అడగాలి. "కేటలాగులు ఉన్నాయా" అంటే లేవనే అంటారు. "పాత రేట్ల కాగితాలు, ఏజెన్సీ కాగితాలు, శాంపిల్ పుస్తకాలు ఏమన్నా అటకమీద ఉన్నాయాండీ" అని అడిగితే గుర్తుకొస్తాయి.

పాకెట్ పుస్తకాలకు దారి వేరు. ఇంగ్లండులో పెంగ్విన్ సంస్థ 1935లో మొదలుపెట్టిన చౌక అట్ట పుస్తకాల పద్ధతి తెలుగులో 1960లలో ఎమెస్కో వంటి సంస్థల చేతుల్లో ఊరూరికీ చేరింది. ఆ పుస్తకాలను ఎక్కువగా తిప్పినవి అద్దె లైబ్రరీలు. అవి మూతపడ్డప్పుడు పుస్తకాలు మూటలుగా బయటికొచ్చాయి. అయితే అద్దె లైబ్రరీ ప్రతికి ఒక ఇబ్బంది ఉంది. బైండరు రంగుల అట్ట తీసేసి కాలికో గుడ్డ వేసి, మూడువైపులా అంచు కోసేస్తాడు. బాపు బొమ్మ ఉన్న అట్ట కోసమే పుస్తకం వెతికేవాళ్లకు అలాంటి ప్రతి పనికిరాదు. లోపలి పాఠం కావాలంటే మాత్రం బాగానే ఉంటుంది, పైగా చౌక.

ఇంకో రకం కూడా పుస్తకంలాగే కనిపిస్తుంది. అది వారపత్రికల నుంచి సీరియల్ పేజీలు చింపి కుట్టించిన బైండు. పుటల అంకెలు వరసగా ఉండవు, పేజీకి రెండు మూడు కాలమ్‌లు ఉంటాయి, వెనకవైపు ప్రకటనలు ఉంటాయి. దాన్ని నవల మొదటి ముద్రణ అని అమ్మితే కొనకండి. ప్రకటనల కోసమైతే మాత్రం కొనొచ్చు.

ఏ ఏటిదో తేల్చడానికి మొదట ధర చూడండి. "రూ. 1-8-0" అని మూడు భాగాలుగా ఉంటే రూపాయి, అణా, పైల లెక్క. అంటే 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణేలు రాకముందు అచ్చైనదని దాదాపు చెప్పొచ్చు. "న.పై." (నయాపైసలు) అని ఉంటే 1957కూ 1964 జూన్‌కూ మధ్యది. ఆ తర్వాత 'నయా' తీసేశారు. అచ్చులో అణాలుండి పైన రబ్బరు స్టాంపుతో నయాపైసలు కొట్టి ఉంటే, పాత సరుకును 1957 తర్వాత అమ్మారన్నమాట. ముద్రణ సంవత్సరానికి అచ్చైన ధరనే లెక్కలోకి తీసుకోవాలి.

తర్వాత చిరునామా. ఆరంకెల పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది కాబట్టి "మద్రాసు-600017" అని ఉంటే ఆ తర్వాతిదే. "మద్రాసు-17" అని ఉన్నంత మాత్రాన ముందుదని అనుకోకూడదు, ఆ పొట్టి అలవాటు చాలాకాలం నిలిచింది. మన జిల్లాలకు ఇంకా పదునైన ఆనవాలు ఉంది. ప్రకాశం జిల్లా 1970లో ఏర్పడింది. "ఒంగోలు, గుంటూరు జిల్లా" అనో "మార్కాపురం, కర్నూలు జిల్లా" అనో అచ్చులో ఉంటే అంతకు ముందుదే. కానీ ఆ మాట లైబ్రరీ ముద్రలోనో డీలరు స్టాంపులోనో ఉంటే, పుస్తకం అప్పటికే ఉందని మాత్రమే తెలుస్తుంది. పుస్తకం దానికి పదేళ్ల ముందుదైనా కావచ్చు.

పుటలన్నీ ఉన్నాయో లేదో చూడటానికి చివరి అంకె చాలదు. ఎక్కువ పుస్తకాలు 16 పుటల ఫారాలుగా, అంటే ఒకే పెద్ద కాగితంమీద అచ్చువేసి మడిచిన కట్టలుగా, అచ్చవుతాయి. 17, 33, 49 పుటల అడుగున చిన్న అక్షరాల్లో ఫారం సంఖ్య ఉంటుంది. 8 పుటల ఫారమైతే 9, 17, 25 పుటల్లో చూడాలి. ఒక ఫారం రెండుసార్లు పడి ఇంకొకటి లేకపోవడం బైండరు దగ్గర జరిగే పొరపాటు. చదవడం మొదలుపెట్టేదాకా అది కంటపడదు.

జిగురు వెన్ను ఉన్న పాకెట్ పుస్తకాన్ని పూర్తిగా పరచకండి. ఎండిన జిగురు పటుక్కున విరిగి పుటలు ఊడతాయి. లంబకోణం దాటకుండా తెరిచి చూడాలి. చిరుగుకు సెలోటేపు వేయొద్దు, కొన్నేళ్లకు ప్లాస్టిక్ ఊడిపోయి గోధుమరంగు జిగురు కాగితంలోకి దిగుతుంది. బైండర్లు మైదా జిగురులో పురుగు పట్టకుండా మైలతుత్తం కలుపుతారు. అందులోని రాగి కాగితాన్ని త్వరగా పెళుసు చేస్తుంది కాబట్టి పాత ప్రతికి అది వాడనివ్వకండి. తుప్పుపట్టిన పిన్నులను లాగకుండా, వెనకవైపు కాళ్లు పల్చటి చాకుతో ఎత్తి తీయాలి.

పురుగు ఉందనుకుంటే పుస్తకాన్ని గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీల డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పొద్దు, విప్పితే చల్లటి కాగితంమీద తేమ పడుతుంది. కలరా ఉండలు వద్దు. వాటి ఆవిరి మనుషులకు మంచిది కాదు, వాసన కాగితాన్ని వదలదు.

కోస్తాలో అసలు శత్రువు తేమ. గాలిలో తేమ 65 శాతం దాటి నిలిస్తే బూజు పడుతుంది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా అది మామూలే. బీరువాలో చిన్న తేమ మీటరు పెట్టండి. బీరువాను బయటి గోడకు ఆనించకుండా నాలుగంగుళాలు ఎడం ఉంచి, కాళ్ల కింద ఇటుకలు పెట్టండి. పాకెట్ పుస్తకాలను నిలబెట్టాలి, పల్చటి కేటలాగులను పడుకోబెట్టాలి. తొడుగు పాలిప్రొపిలీన్‌దో పాలియెస్టర్‌దో అయి ఉండాలి, ఘాటు వాసన వచ్చే పీవీసీ కవర్లు వద్దు.

2021 నవంబరులో పెన్నకు వచ్చినలాంటి వరదలో తడిస్తే ఆర్ట్ పేపరు (నున్నటి పూత ఉన్న కాగితం) కేటలాగులను ముందు చూడండి. మామూలు కాగితం ఫ్యాను గాలికి ఆరుతుంది. ఆర్ట్ పేపరు మాత్రం ఆరేకొద్దీ పుటకు పుట అంటుకుని దిమ్మె అవుతుంది, ఆ తర్వాత విడదీయలేం. తడిగా ఉన్నప్పుడే ఒక్కొక్క పుట విడదీసి మధ్యలో మైనపు కాగితం పెట్టాలి. అంత తీరిక లేకపోతే తడితడిగానే సంచిలో పెట్టి ఫ్రీజరులో వేసి, తీరిక దొరికినప్పుడు ఒక్కొక్కటే బయటికి తీసి విడదీయండి.