నాలుగు ర్యామ్‌లు వేశాక సిస్టమ్ ఆగిపోతోందా?

పర్లాకిమిడిలో పెళ్లిళ్ల సీజన్ వస్తే మా డీటీపీ షాపులో ఊపిరాడదు. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా, మధ్యలో ఫొటోలు. ఇలాంటి శుభలేఖలకు 16 జీబీ చాలక, పాత రెండు 8 జీబీ ర్యామ్‌ల పక్కన ఇంకో రెండు వేశాను. మర్నాటి నుంచే కష్టాలు మొదలయ్యాయి.

సమస్య

సిస్టమ్ బాగానే ఆన్ అవుతుంది. గంటకో రెండు గంటలకో నీలం తెర. ఒకసారి ‘మెమరీ మేనేజ్‌మెంట్’ అని, ఇంకోసారి ఇంకేదో. నన్ను భయపెట్టింది అది కాదు. సేవ్ చేసిన కార్డు తెరిస్తే పెళ్లికూతురి ముఖం మీదుగా సన్నటి పచ్చగీత! మీకూ ఇలా ఉంటే ముందు పని ఆపండి. ఆ సిస్టమ్‌లో కొత్తగా ఏదీ సేవ్ చేయకండి, బ్యాకప్ జోలికి అసలే పోకండి. ర్యామ్‌లో చెడిన డేటా చెడినట్టే డిస్క్‌లోకి వెళ్తుంది.

కారణం

ర్యామ్‌ను నడిపే మెమరీ కంట్రోలర్ ఇప్పుడు ప్రాసెసర్‌లోనే ఉంటుంది. రెండింటితో అందుకునే స్పీడు నాలుగింటితో అందుకోలేకపోవచ్చు. ఏఎండీ వాళ్ల రైజెన్ 7000 ప్రాసెసర్లకు కంపెనీ చెప్పే డీడీఆర్5 (డీడీఆర్4 తర్వాతి తరం ర్యామ్) స్పీడే రెండు ర్యామ్‌లకు 5200, నాలుగింటికి 3600 (సెకనుకు ఇన్ని మిలియన్ల డేటా బదిలీలు).

నావి డీడీఆర్4, లేబుల్ మీద 3600. అది 1.35 వోల్టులతో నడిచే ఎక్స్‌ఎంపీ స్పీడు, అంటే మామూలు కంటే ఎక్కువ వేగానికి ర్యామ్ కంపెనీ ముందే రాసిపెట్టిన సెట్టింగ్. మామూలు వోల్టేజీ 1.2. పైగా పాతవాటి మీద ‘1ఆర్‌ఎక్స్8’, కొత్తవాటి మీద ‘1ఆర్‌ఎక్స్16’ అని ఉంది. అంటే ఒకదానికి ఎనిమిది చిప్పులు, ఇంకోదానికి నాలుగే. కంపెనీ ఒకటే అయినా లోపలి సరుకు వేరు. కొనేటప్పుడే ఆ చిన్న అక్షరాలు చూడండి.

పరిష్కారం

బయోస్‌లో (సిస్టమ్ ఆన్ అవగానే తెరుచుకోగల బోర్డు సెట్టింగుల్లో) ఎక్స్‌ఎంపీ ఆపి, పెన్‌డ్రైవ్ నుంచి ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను కనీసం నాలుగు పాస్‌లు (పూర్తి చుట్లు) నడపండి. ఒక్క తప్పు చూపించినా ఆ సెట్టింగ్ పనికిరాదు. తప్పులు పోతే చిక్కు స్పీడులోనే ఉంది; మెల్లగా పెంచుకుంటూ టెస్ట్ చేయండి.

అప్పటికీ పోకపోతే కరెంటు తీగ పీకేసి, క్యాబినెట్ ఇనుమును తాకి, ర్యామ్‌లన్నీ తీయండి. వానాకాలపు చెమ్మకు ర్యామ్ అంచున ఉండే బంగారు పళ్లు మసకబారి ఉంటే మెత్తని రబ్బరుతో తుడవండి, రజను స్లాట్‌లో పడనివ్వకండి. ఇప్పుడు ఒక్కొక్కదాన్నే ఒకే స్లాట్‌లో పెట్టి టెస్ట్ చేయండి, తర్వాత మిగతా స్లాట్లలోనూ అలాగే చేయండి. ఏ స్లాట్‌లో పెట్టినా ఫెయిలయ్యేది ర్యామ్ తప్పు. ఏ ర్యామ్ పెట్టినా ఒకే స్లాట్ ఫెయిలవుతుంటే బోర్డు, ప్రాసెసర్ సాకెట్ చూడాలి. రెండే వాడేటప్పుడు చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండో, నాలుగో స్లాట్లు సరైనవి.

డీడీఆర్5 అయితే ర్యామ్ మార్చాక మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. కంగారుపడి బటన్ నొక్కకండి, మెమరీ ట్రైనింగ్ జరుగుతోంది, అంటే కొత్త ర్యామ్‌కు తగ్గట్టు సిస్టమ్ తనను సర్దుకుంటోంది.

నా నాలుగూ విడివిడిగా పాసయ్యాయి. కలిపి 3200 దగ్గర పెడితే రాత్రంతా ఒక్క తప్పు లేదు. పొద్దున్నే ఫోన్‌లో ఉన్న అసలు ఫొటోతో ఆ పెళ్లికూతురి కార్డు మళ్లీ మొదటినుంచి చేశాను.