గల్ఫ్‌కు కొత్తగా వచ్చిన మన జిల్లాలవాళ్లకు: దొంగ ఫోన్ కాల్స్ సంగతి

ఉదయగిరి, ఆత్మకూరు, కావలి, కనిగిరి వైపు నుంచి బయల్దేరి, చెన్నైలో విమానమెక్కి కువైట్‌లోనో దుబాయ్‌లోనో దిగినవాళ్లకు సిమ్ కార్డు చేతికొచ్చిన కొద్ది రోజులకే దొంగ ఫోన్లు మొదలవుతాయి. కొన్ని మీకొస్తాయి, కొన్ని ఊళ్లో ఉన్న మీ అమ్మకో ఇంటావిడకో వస్తాయి. అక్కడి పోలీసు ఎట్లా మాట్లాడతాడో మీకింకా తెలియదు. మీరు డ్యూటీలో ఉంటే ఇంటివాళ్లకు దొరకరు. దొంగ పెట్టుబడి ఈ రెండే. అందుకని జాగ్రత్త రెండు చోట్లా పెట్టాలి. వీలైతే విమానం ఎక్కకముందే పెట్టాలి.

ఇంట్లో కూర్చుని తేల్చుకోవాల్సినవి

మొదటిది రెండో నంబరు. మీరు ఫోను ఎత్తకపోతే మీ క్షేమం చెప్పగల మనిషి ఇంకొకరుండాలి: అదే క్యాంపులో ఉండే మీ ఊరతను, పక్కింట్లో పనిచేసే మన జిల్లా ఆవిడ, కంపెనీ డ్రైవరు, ఎవరైనా సరే. ఆ నంబరు ఇంటివాళ్ల ఫోనులోనే కాదు, గోడ మీద క్యాలెండర్ వెనక కూడా రాసి ఉండాలి. ఇంటిపనికి వెళ్లిన ఆడవాళ్లకు ఇది మరీ ముఖ్యం. చాలా ఇళ్లలో పగలు ఫోను చేతిలో ఉండనివ్వరు. కువైట్, సౌదీ మనకంటే రెండున్నర గంటలు వెనక, దుబాయ్ గంటన్నర వెనక. కువైట్‌లో రాత్రి 10కి పని దిగితే మన ఊళ్లో పన్నెండున్నర అయివుంటుంది. ఏ వేళకు ఫోను చేస్తారో ముందే అనుకుంటే, మధ్యాహ్నం వచ్చిన ‘మీ అమ్మాయి స్టేషన్‌లో ఉంది’ అనే ఫోనుకు అమ్మ గుండె జారిపోదు.

రెండోది గుట్టు ప్రశ్న. ఫేస్‌బుక్‌లో దొరికే జవాబు పనికిరాదు. పుట్టిన తేదీ, కుక్క పేరు, బడి పేరు లాంటివి వద్దు. తప్పు జవాబునే గుర్తుగా పెట్టుకుంటే ఇంకా మేలు. ‘మనకు ఎన్ని బర్రెలుండాయమ్మా?’ అంటే, ఒక్క బర్రె కూడా లేని ఇంట్లో ‘మూడు’ అని చెప్పాలన్నమాట. ఇప్పుడు గొంతును కూడా అచ్చం అట్లాగే పుట్టిస్తున్నారు. ఏడుస్తున్న గొంతు విని నమ్మే రోజులు పోయాయి.

మూడోది మన సిమ్. బ్యాంకు ఓటీపీలన్నీ ఇండియా నంబరుకే వస్తాయి. బయల్దేరే ముందే ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించి, ఆ సిమ్‌ను మీ ఫోనులోనే రెండో స్లాట్‌లో ఉంచుకోండి. మామూలుగా విదేశంలో వచ్చే ఎస్సెమ్మెస్‌కు డబ్బు పడదు, కాల్ ఎత్తితే మాత్రం గట్టిగా పడుతుంది. సిమ్‌ను అమ్మ ఫోనులో వదిలి వెళితే ఓటీపీ ఆమెకొస్తుంది, దొంగ ఆమెనే అడుగుతాడు. రీచార్జి లేకుండా, వాడకం లేకుండా 90 రోజులు దాటితే కంపెనీ ఆ నంబరును తీసేసుకోవచ్చు. కొన్నాళ్లకు అది ఇంకొకరి చేతికి పోతుంది. మీ వాట్సాప్, బ్యాంకు అప్పటికీ అదే నంబరు మీద ఉంటే పరిస్థితి ఊహించుకోండి. వాట్సాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ పిన్ పెట్టుకోండి. రెండు నిమిషాల పని. అది లేకపోతే ఎస్సెమ్మెస్‌లో వచ్చిన ఆరంకెల కోడ్ ఒక్కటి చెప్పినా ఖాతా పోయినట్టే. ఆ తర్వాత ‘అత్తా, అర్జెంటుగా 20 వేలు వెయ్యి’ అని మీ పేరుతో బంధువులందరికీ మెసేజ్ వెళుతుంది.

అక్కడ మీకొచ్చే ఫోన్లు

కువైట్‌లో అందరికంటే ముందు తగిలేది బతాకా ఫోను. బతాకా అంటే అక్కడి గుర్తింపు కార్డు, అకామా అంటే అక్కడ ఉండటానికిచ్చే అనుమతి. వాట్సాప్‌లో పోలీసు ముద్ర బొమ్మ, వీడియోలో యూనిఫాం, హిందీలో గద్దింపు: ‘నీ బతాకా బ్లాకైంది, వెంటనే అప్‌డేట్ చెయ్యకపోతే అకామా పోతుంది.’ నమ్మించడానికి మీ పుట్టిన తేదీ కూడా చదువుతాడు. అందులో వింతేం లేదు. బతాకా నంబరులో 12 అంకెలుంటాయి. మొదటి అంకె శతాబ్దం, తర్వాతి ఆరు మీరు పుట్టిన సంవత్సరం, నెల, రోజు. దుబాయ్‌లో ఇచ్చే ఎమిరేట్స్ ఐడీలో అయితే 784 తర్వాతి నాలుగంకెలు పుట్టిన సంవత్సరమే. ఎక్కడో ఇచ్చిన జిరాక్స్ కాపీ ఒకటి దొరికితే చాలు, మీ జాతకం చెప్పేస్తాడు. కాబట్టి ఎదుటివాడికి మీ వివరాలు తెలియడం అతను అధికారి అనడానికి రుజువు కాదు.

నిజంగా కేసుంటే మఖ్ఫర్‌కు, అంటే పోలీసు స్టేషన్‌కు రమ్మంటారు, మీ వీసా యజమాని అయిన కఫీల్‌కో కంపెనీకో తెలుస్తుంది. జరిమానా ఉంటే కువైట్‌లో ప్రభుత్వ సాహెల్ యాప్‌లోనో, దుబాయ్‌లో పోలీసు యాప్‌లోనో మీ కళ్లకు కనిపిస్తుంది, అక్కడే కట్టొచ్చు. ఫోనులో ఓటీపీ అడిగే పోలీసు ఏ దేశంలోనూ లేడు.

ఓటీపీ చెప్పకూడదని ఇప్పుడు అందరికీ తెలుసు కాబట్టి దొంగ దారి మార్చాడు. కువైట్‌లో మొబైల్ ఐడీ యాప్, ఎమిరేట్స్‌లో యూఏఈ పాస్, సౌదీలో నఫాజ్. ఈ మూడూ ఫోనులో ఉండే గుర్తింపు యాప్‌లు, మీ సంతకంతో సమానం. మీ ఫోనుకు ఒక రిక్వెస్టు వస్తుంది, ‘అప్రూవ్ నొక్కు, అంతే’ అంటాడు. సౌదీలో అయితే ‘తెర మీద ఈ నంబరు ఎంచుకో’ అంటాడు. మీరు ఓటీపీ చెప్పలేదు, పిన్ చెప్పలేదు, కానీ మీ పేరు మీద అతను చేయాలనుకున్నది చేసుకున్నాడు. ఏ సర్వీసూ మీరు స్వయంగా తెరవకుండా రిక్వెస్టు వస్తే రిజెక్ట్ నొక్కండి. దాని మీద ఏ సంస్థ పేరుందో కూడా చదవండి.

లింకుల సంగతి. ‘మీ పార్శిల్ ఆగింది, అర దినార్ కట్టండి’, ‘ట్రాఫిక్ ఫైన్ 3 దిర్హాములు’ అని మెసేజ్ వస్తుంది. అంత చిన్న మొత్తమే ఎందుకు అడుగుతాడంటే, అంతకు ఎవరూ ఆలోచించరు కాబట్టి. అతనికి కావలసింది మీ కార్డు నంబరు, దాని మీద వచ్చే ఓటీపీ. ఓటీపీ మెసేజ్‌లో అసలు మొత్తం రాసి ఉంటుంది, కోడ్ ఒక్కటే చూడకుండా అంకెలన్నీ చదవండి. కువైట్ దినార్‌కు వెయ్యి ఫిల్స్, అందుకని చుక్క తర్వాత మూడంకెలు రాస్తారు. 0.500 అంటే అర దినార్, 350.000 అంటే మూడువందల యాభై దినార్లు, అంటే నెలల జీతం. కొత్తల్లో ఈ చుక్కను చూసి తికమక పడేవాళ్లు ఎక్కువ.

వీసా మార్పిడి ఫోను ఇంటిపనివాళ్లకు ఎర. ‘ఖాదీం వీసాను షూన్‌కు మారుస్తాం, ముందు 100 దినార్లు పంపు’ అంటారు. ఖాదీం అంటే ఇంటిపని వీసా, ఆర్టికల్ 20. షూన్ అంటే కంపెనీ వీసా, ఆర్టికల్ 18. కువైట్ ప్రభుత్వం ఈ మార్పునకు 2024 జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 వరకు వీలిచ్చింది. అప్పుడు కూడా బదిలీ ఫీజు 50 దినార్లే, కఫీల్ ఒప్పుకోవాల్సిందే. అంటే కఫీల్‌కు తెలియకుండా ఫోనులో జరిగిపోయే మార్పిడి అంటూ ఏదీ లేదు. నమ్మి బయటికొచ్చేస్తే వీసా మారదు సరికదా, ఖల్లివల్లి అయిపోతారు, అంటే పారిపోయినవాళ్ల లెక్కలో పడతారు. లాటరీ తగిలిందనే ఫోను గురించి చెప్పడానికేం లేదు. మీరు టికెట్ కొనలేదు, కట్ చెయ్యండి.

మీ పేరుతో ఇంకొకరు వాడే సిమ్ కూడా ప్రమాదమే. రోడ్డు పక్క సిమ్ అమ్మేవాడు ‘వేలిముద్ర సరిగ్గా పడలేదు, మళ్లీ పెట్టు’ అని రెండు మూడుసార్లు పెట్టించి, మీ పేరు మీదే ఇంకో సిమ్ తీసేయగలడు. దాంతో జరిగిన నేరానికి పిలుపు మీకొస్తుంది. సిమ్ కంపెనీ సొంత ఆఫీసులోనే తీసుకోండి. ఇండియాలో మీ పేరు మీద ఎన్ని నంబర్లున్నాయో కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ పోర్టల్‌లో చూడొచ్చు, మీవి కానివి అక్కడే రిపోర్టు చేయొచ్చు. నెలకింత ఇస్తామని మీ జీతం కార్డునో బ్యాంకు ఖాతానో అడిగేవాళ్లకు అసలు ఇవ్వొద్దు.

ఊళ్లోవాళ్లకొచ్చే ఫోన్లు

ఈ భాగం ఇంటివాళ్లకు చదివి వినిపించండి.

‘మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు, పది నిమిషాల్లో డబ్బు కడితే వదిలేస్తాం.’ నంబరు +92తో మొదలైతే అది పాకిస్తాన్ కోడ్. కువైట్‌ది +965, ఎమిరేట్స్‌ది +971, సౌదీది +966. అయితే కోడ్ సరిగ్గా ఉన్నంత మాత్రాన నమ్మక్కర్లేదు, నంబరును మార్చి చూపించడం దొంగకు తెలిసిన విద్యే. ఫోను పెట్టేసి, క్యాలెండర్ వెనకున్న రెండో నంబరుకు కొట్టాలి. ‘పెట్టేస్తే కేసు రాస్తాం’ అన్నాడంటే దొంగేనని తేలిపోయినట్టు. గంటల తరబడి వీడియో కాల్‌లో కదలకుండా కూర్చోబెట్టే డిజిటల్ అరెస్టు కూడా ఇదే బాపతు. అలాంటి అరెస్టు మన చట్టంలో లేదని 2024 అక్టోబరులో ప్రధాని రేడియోలో కూడా చెప్పారు. పెద్దవాళ్లకు ఆ మాట చెబితే ధైర్యం వస్తుంది.

కార్గో ఫోను ఇంకోటి. ‘కువైట్ నుంచి మీకు సామాను వచ్చింది, ఢిల్లీ కస్టమ్స్‌లో ఉంది, సుంకం కట్టండి.’ దుప్పట్లు, పాలపొడి, సబ్బులు కార్గోలో పంపడం మనవాళ్లకు అలవాటే కాబట్టి ఇది నిజంలాగే అనిపిస్తుంది. కార్గో వేసిన రోజే రసీదు ఫొటో ఇంటికి పంపండి. ఫోను చేసినవాడు ఆ రసీదు నంబరు చెప్పలేడు. సుంకం ఒక మనిషి పేరు మీదున్న ఫోన్‌పే నంబరుకు కట్టేది కాదు.

పథకాల పేరుతో వచ్చే ఫైళ్లు. అన్నదాత సుఖీభవ మొదలైంది ప్రకాశం జిల్లా దర్శి మండలంలోనే, 2025 ఆగస్టు 2న. మన వైపు ఆ పేరు చెబితే చూడనివాళ్లుండరు, దొంగకు కావలసిందీ అదే. వాట్సాప్‌లో వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే (.apk) అని ఉంటే, అది జాబితా అయినా పెళ్లిపత్రిక అయినా చలానా అయినా నొక్కొద్దు. అది యాప్. ఫోనులోకి చేరి ఎస్సెమ్మెస్‌లు చదివి ఓటీపీలను బయటికి పంపుతుంది. నొక్కేసి ఉంటే ముందు డేటా, వైఫై ఆపండి, ఇంకో ఫోను నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా ఆపించండి, తర్వాతే ఆ యాప్ తీసేయడం సంగతి. రాష్ట్ర ప్రభుత్వ మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009. దాన్ని ముందే సేవ్ చేసి పెడితే ఆ బొమ్మ పెట్టుకుని వచ్చే వేరే నంబర్లు తెలిసిపోతాయి. బ్యాంకులు సేవల కోసం చేసే ఫోన్లకు 1600తో మొదలయ్యే నంబర్లు కేటాయించారు. మామూలు పదంకెల మొబైల్ నుంచి ‘బ్యాంకు మేనేజర్ని’ అంటే పెట్టేయండి. డబ్బు మనకు రావడానికి యూపీఐ పిన్ అక్కర్లేదు, పోవడానికే కావాలి.

ఎక్కువ రేటు ఇస్తామనేవాళ్లు

దీని గురించి ఎవరూ సరిగ్గా చెప్పరు. ‘మనీ ఎక్స్చేంజి కంటే రేటు ఎక్కువిస్తాం, దినార్లు ఇక్కడ మాకివ్వు, రూపాయలు గంటలో మీ ఇంటికి పడతాయి’ అంటారు. పడతాయి కూడా. ఆ రూపాయలు ఎక్కడివో చూడండి: వేరే రాష్ట్రంలో ఎవరినో ఫోనులో మోసం చేసి లాగిన డబ్బు నేరుగా మీ అమ్మ ఖాతాలోకి వస్తుంది. ఆ మోసపోయినాయన ఫిర్యాదు చేస్తాడు, పోలీసులు డబ్బు జాడ పట్టుకుని వచ్చి మీ అమ్మ ఖాతాను ఆపిస్తారు. పెన్షన్, డ్వాక్రా అప్పు వాయిదా, అన్నీ అందులోనే ఉంటాయి. విడిపించుకోవాలంటే బ్యాంకు నుంచి ఫిర్యాదు నంబరు తీసుకుని, ఆ రాష్ట్రం సైబర్ పోలీసులకు డబ్బు ఎలా వచ్చిందో రుజువు చూపించాలి. ఇట్లా రసీదు లేకుండా చేతులు మారే హవాలాకు రుజువెక్కడిది? రేటులో మిగిలే పావలా కోసం ఆరు నెలల జీతం ఇరికించుకోవద్దు. ఎక్స్చేంజిలో పంపి రసీదులు దాచుకోండి.

డబ్బు పోతే

ఏడుపు తర్వాత, ముందు ఫోను. ఇండియా ఖాతా అయితే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. విదేశం నుంచి ఆ నంబరు కలవకపోవచ్చు, కాబట్టి ఇంట్లోవాళ్లు చేయాలి. లేదంటే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో పెట్టాలి. అక్కడ ఓటీపీకి ఇండియా నంబరే అడుగుతుంది, రెండో స్లాట్‌లో సిమ్ ఉంచుకోమన్నది ఇందుకే. అడిగేవి ఇవి: ఖాతా నంబరు, పోయిన మొత్తం, సమయం, 12 అంకెల యూపీఐ లావాదేవీ నంబరు. ఆ డబ్బు గంటల్లోనే నాలుగైదు ఖాతాలు మారుతుంది, ఎంత ముందు చెబితే అంత ఆగుతుంది. బ్యాంకుకు విడిగా చెప్పి ఫిర్యాదు నంబరు రాయించుకోండి. రిజర్వు బ్యాంకు 2017 నియమం ప్రకారం, తప్పు మీదీ బ్యాంకుదీ కానప్పుడు మూడు పనిదినాల్లోపు చెబితే మీ మీద భారం పడదు. ఓటీపీ మీరే ఇచ్చి ఉంటే, బ్యాంకుకు చెప్పేదాకా పోయింది మీది, చెప్పాక పోయింది బ్యాంకుది.

గల్ఫ్ బ్యాంకు కార్డయితే వెనకున్న నంబరుకు చేసి బ్లాక్ చేయించి, తర్వాత మఖ్ఫర్‌కు వెళ్లండి. కువైట్‌లో అత్యవసర నంబరు 112, ఎమిరేట్స్‌లో 999. భాష రాకపోతే కంపెనీ మనిషినో కఫీల్‌నో తీసుకెళ్లండి. తిడతారని దాచిపెడితే రెండోసారి కూడా పోతుంది.

ఎందుకంటే డబ్బు పోయిన కొద్ది రోజులకు ఇంకో ఫోను వస్తుంది: ‘సైబర్ పోలీసులం, మీ డబ్బు దొరికింది, వెనక్కి వేయాలంటే ఫైల్ ఫీజు 4,500 కట్టండి.’ పోగొట్టుకున్నవాళ్ల నంబర్లు ఆ ముఠాల మధ్య చేతులు మారుతుంటాయి. 1930 వాళ్లు ఫీజు అడగరు.